పావు కడుపు ఖాళీ సరే, మాత్రల సంగతేంటి?

షుగర్ వచ్చిందని తెలియగానే మనవాళ్లు ఏదో ఒక నియమం పట్టుకుంటారు. ఉప్పు, నూనె లేకుండా ప్రకృతి వైద్యులు మంతెన సత్యనారాయణరాజు గారు చెప్పే వంటో, ఒంటిపూట భోజనమో. ఆయన ఆశ్రమంలో కొన్నాళ్లుంటే రీడింగులు దిగుతాయి కూడా. అక్కడ వండిపెట్టేవాళ్లుంటారు, రాత్రి పదకొండింటికి ఫోన్ చేసే మేనేజర్ ఉండడు. ఏలూరు తిరిగొచ్చి డ్యూటీ ఎక్కాక ఏది నిలబడుతుందన్నది మనం చూసుకోవాలి.

పాత యోగ గ్రంథం హఠయోగ ప్రదీపిక చెప్పే మితాహారంలో ఉద్యోగస్తులు ముందు పట్టుకోవాల్సింది ఒక్కటే: కడుపు పావు వంతు ఖాళీ ఉంచడం. పొట్ట లోపల పేగుల చుట్టూ చేరిన కొవ్వు ఊరికే పడుండదు. టీఎన్ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-6 లాంటి రసాయనాలు వదులుతూ ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ పెంచుతుంది, ఇన్సులిన్‌ని సరిగా పనిచెయ్యనివ్వదు. తిండి తగ్గి బరువు దిగితే, ఆ ఇన్‌ఫ్లమేషన్‌ని చూపే సీఆర్‌పీ కూడా దిగుతుంది. ఈ మహిమ యోగానిదా, తగ్గిన బరువుదా అంటే నా ఓటు బరువుకే. నడుం చుట్టుకొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్తపడాలి.

అసలు చిక్కు మాత్రలతో వస్తుంది. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్‌లో ఒక గుమాస్తా ఉన్నాడనుకుందాం. పొద్దున అలవాటుగా గ్లిమిపిరైడ్ వేసుకుంటాడు. యోగా క్లాసులో విన్నాడని ఆ రోజు నుంచి టిఫిన్ మానేశాడు. పదకొండింటికి లారీ తూకాలు రాస్తుంటే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, అంకెలు అలుక్కుపోతాయి. షుగర్ 70 కన్నా కిందికి పడిపోయిందన్నమాట. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి, పావుగంట ఆగి మళ్లీ చూసుకోవాలి. అప్పటికీ 70కి పెరగకపోతే ఇంకోసారి తాగాలి. బండి మాత్రం నడపకూడదు.

అందుకే ముందు డాక్టర్‌ని కలవండి, తర్వాత పూట మానండి. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ భయం తక్కువ. గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్, ఇన్సులిన్ వాడేవాళ్లకి డోసు మార్చాల్సి రావచ్చు. డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి వాడుతూ కటిక ఉపవాసం చేస్తే ఇంకో ప్రమాదం ఉంది: రీడింగు పెద్దగా లేకపోయినా ఒంట్లో కీటోన్లు పేరుకోవచ్చు. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కనిపిస్తే గ్యాస్ అనుకుని సోడా తాగుతూ కూర్చోకండి, ఆస్పత్రికి వెళ్లండి.

ఇక అన్నం. మన మార్టేరులో పుట్టిన స్వర్ణ రకానికి గ్లైసీమిక్ ఇండెక్స్ తక్కువని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ తేల్చింది. మంచిదే. కానీ ఆ ధీమాతో మారు వడ్డించుకుంటే ఫలితం ఉండదు. తేనె, బెల్లం సాత్వికమే కావచ్చు, రక్తంలో చేరాక అవీ చక్కెరే. చేపని హఠయోగ ప్రదీపిక వద్దంటుంది. కొల్లేరు పక్కన ఉండి శీలావతి పులుసు మానేసి, ఆ లోటు అన్నంతో పూడ్చుకుంటే నష్టమే. వేపుడు తగ్గించండి చాలు.

రాత్రి భోజనం ఎనిమిదిలోపు అని పుస్తకాల్లో తేలిగ్గా రాస్తారు. ఆకివీడు, కైకలూరు వైపు చేపల ప్యాకింగ్‌లో రాత్రి డ్యూటీ చేసేవాళ్లకి అది కుదరదు. వాళ్లు బయల్దేరేముందే అసలు భోజనం చేసి, అర్ధరాత్రికి శనగలో, గుడ్డో బాక్సులో పెట్టుకోవాలి. బిర్యానీ ప్యాకెట్ వచ్చేదాకా ఆగితే ఆకలి మీద ప్యాకెట్ మొత్తం ఖాళీ చేస్తారు.

ఫీడ్ కంపెనీ సేల్స్‌లో తిరిగేవాళ్లకి వేరే కష్టం. రైతు ఇంట్లో తినకపోతే ఆర్డర్ పోతుందని భయం. "రాత్రి మాత్రలు మార్చారండీ, అన్నం ఒక్క హస్తమే" అని విస్తరి ముందు కూర్చోకముందే ఇంటావిడకి చెప్పండి. కూర, మజ్జిగ మాత్రం అడిగి వేయించుకోండి, ఆవిడకి మర్యాద చేసిన తృప్తి ఉంటుంది. వడ్డించాక వద్దంటే మన వైపు ఎవరూ వినరు.