కూలెంట్ రంగు మారిందా? కొత్త డబ్బా కొనేముందు...

చెన్నైలో కూలెంట్ గడ్డకట్టే చలి ఎటూ లేదు. ఇక్కడ దాని పని రెండే: నడివేసవి కత్తిరి ఎండల్లో మౌంట్ రోడ్డు సిగ్నళ్ల దగ్గర ఇంజిన్ మరిగిపోకుండా చూడటం, లోపల తుప్పు పట్టనివ్వకపోవడం.

1. పొద్దున బండి తీయకముందే చూడండి. ఇంజిన్ వేడిగా ఉండగా మూత తిప్పితే ద్రవం మొహం మీదికి చిమ్ముతుంది. పాత ట్యాంకు ప్లాస్టిక్ పసుపెక్కి మంచి కూలెంట్‌నూ మురికిగా చూపిస్తుంది కాబట్టి, కొంచెం బయటికి తీసి పారేసే గాజు సీసాలో పోసి వెలుతురుకు పట్టండి.

2. తుప్పు రంగు ఉంటే ఎవరో మామూలు నీళ్లు పోస్తూ వచ్చారని అనుమానించాలి. గీజరు కాయిల్‌కు తెల్లగా పొలుసు కట్టించే మన బోరు నీళ్లు రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ అదే పని చేస్తాయి. క్యాన్ నీళ్లలోనూ లవణాలుంటాయి, అవీ వద్దు. పాతదంతా తీయించి, బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్‌తో కడిగించి కొత్తది పోయించండి.

3. పాల కాఫీ రంగులో చిక్కగా ఉంటే ఆయిల్ కలిసినట్టే. హెడ్ గాస్కెట్టో, ఆయిల్ కూలరో పోయి ఉంటుంది. బండి నడపకుండా షెడ్డుకు లాగించుకుపోండి. డిప్‌స్టిక్ కూడా చూడండి. అయితే ఆయిల్ మూత అడుగున మాత్రమే కాస్త నురగ కనిపిస్తే అది దగ్గరి ప్రయాణాల తేమ కావచ్చు. ఆ ఒక్కటీ చూపించి ఇంజిన్ విప్పాలనే మెకానిక్ మాట వెంటనే నమ్మకండి.

4. జిగటగా ముద్దకడితే, పడని రెండు రకాలు కలిపారన్నమాట.

5. రంగు వెలిసిపోతే నీళ్లు ఎక్కువయ్యాయి. మాటిమాటికీ ఎందుకు పోయాల్సి వస్తోందో, లీకు ఎక్కడుందో వెతికించండి.

6. విడిభాగాల షాపులుండే జీపీ రోడ్డులో “గ్రీనా, రెడ్డా?” అని అడిగితే రంగు చెప్పకండి, మాన్యువల్లో రాసిన రకం చెప్పండి. రంగు కంపెనీ కలిపే డై మాత్రమే. పాత పద్ధతి ఐఏటీ (ఇనార్గానిక్ యాడిటివ్ టెక్నాలజీ) రకం సుమారు 2 ఏళ్లు వస్తుంది, ఓఏటీ (ఆర్గానిక్ యాసిడ్ టెక్నాలజీ) రకం 5 ఏళ్ల దాకా. పచ్చరంగు రెంటిలోనూ ఉంది! జపాన్ కంపెనీలు సాధారణంగా ఫాస్ఫేటున్నది, సిలికేటు లేనిది వాడతాయి. ఐరోపా కంపెనీలు చాలాకాలం ఫాస్ఫేటును దూరం పెట్టాయి; కఠినజలంతో కలిస్తే అది పొలుసు కడుతుందని. బోరు నీళ్ల ఊరివాళ్లకు ఆ జాగ్రత్త వేరే చెప్పాలా?

7. రెడీమిక్స్ అయితే అలాగే పోయండి. కాన్సన్‌ట్రేట్ అయితే సాధారణంగా సగానికి సగం డిస్టిల్డ్ వాటర్. చిక్కగా పోస్తే మేలనుకోవద్దు, వేడిని మోయడంలో నీళ్లే మెరుగు.

8. బండి కింద చుక్కలు పడుతుంటే తాకి చూడండి. రంగూ వాసనా జిడ్డూ లేకపోతే అది ఏసీ నీరే.

9. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. డబ్బా పిల్లలకు అందనివ్వకండి, పాతది షెడ్డులోనే అప్పగించండి. వాకిట్లో చిందితే వీధికుక్కలు నాకకముందే ఇసుక చల్లి ఎత్తేసి, ఆ తర్వాత కడగండి.