అమ్మ గుండెల మీద వెచ్చదనం

ప్రశ్న: మా పాప 32 వారాలకే పుట్టింది. ఇప్పుడు 1,700 గ్రాములుంది. నిన్ననే ఇంటికి తెచ్చాం. ఎత్తుకోవాలంటేనే భయమేస్తోంది.

జవాబు: భయపడకండమ్మా, ఎత్తుకోవడమే పాపకు మందు. డైపరు, టోపీ, సాక్సులు మాత్రం ఉంచి మీ రొమ్ముల మధ్య నిటారుగా, కప్పపిల్లలా కాళ్లు ముడిచి పడుకోబెట్టుకోండి. తల పక్కకు తిప్పాలి, ముక్కు మూసుకోకూడదు. పైన మెత్తటి పాతచీరతో కట్టుకోండి. రోజుకు కనీసం 8 గంటలు. మీరు అలసిపోతే వాళ్ల నాన్న, అమ్మమ్మ ఎత్తుకోవచ్చు. కొలంబియాలో 1978లో ఇంక్యుబేటర్లు చాలక మొదలైన ఈ కంగారూ పద్ధతి ఎందరో పసివాళ్లను బతికించింది.

తల్లిపాలే పట్టండి. చప్పరించలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టండి. తేనె వద్దేవద్దు.

పుట్టిన 30 రోజుల్లోపు రెటీనా పరీక్ష తప్పనిసరి. ఆలస్యమైతే చూపే పోవచ్చు. పాప ఒళ్లు చల్లబడినా, పాలు మానేసినా, ఎగశ్వాస వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.