తప్పు వేరు, తీసేసే పద్ధతి వేరు

మొన్న సెలవులకి ఇంటికెళ్తే, అన్నయ్య ఉద్యోగం పోయిందని తెలిసింది. "పనితీరు బాలేదట, రేపట్నుంచి రావద్దన్నారు. నన్ను ఒక్క మాట కూడా అడగలేదురా" అన్నాడు. ఆ చివరి మాట పట్టుకునే నేను ఈ విషయం చదివాను.

ఉద్యోగంలోంచి తీసేటప్పుడు రెండు ప్రశ్నలుంటాయి. సరైన కారణం ఉందా? సరైన పద్ధతి పాటించారా? రెండోది ఎంత ముఖ్యమో సుప్రీంకోర్టు 1993లో డి.కె. యాదవ్ కేసులో చెప్పింది. ఎనిమిది రోజులకి మించి పనికి రాలేదని కంపెనీ ఒక కార్మికుణ్ణి తీసేసింది. తాను వచ్చాననీ, గేటు దగ్గరే ఆపేశారనీ అతను అన్నాడు. విచారణే లేకపోతే ఏది నిజమో ఎలా తేలుతుంది? జీవనోపాధి రాజ్యాంగంలోని 21వ అధికరణం కిందికే వస్తుందనీ, దాన్ని తీసేసే ముందు ఆ మనిషి చెప్పేది వినాలనీ కోర్టు తేల్చింది. సగం బకాయి జీతంతో అతన్ని తిరిగి చేర్చుకోమంది.

అంటే నింద ఏమిటో రాసివ్వాలి, జవాబుకి గడువివ్వాలి, పక్షపాతం లేకుండా విచారించాలి.

ఈ రక్షణ అందరికీ ఒకేలా ఉండదు. మేనేజర్ స్థాయి వాళ్లకి చాలావరకు ఒప్పందమే ఆధారం. అందుకే ఆఫర్ లెటర్లో ప్యాకేజీ ఒక్కటే కాదు, టర్మినేషన్ క్లాజు కూడా చదవండి.

అన్నయ్య తప్పు చేశాడో లేదో నాకు తెలీదు. అడగనివాళ్లకి మాత్రం ఎలా తెలిసింది?