వాగు ఒడ్డున దొరికిన పన్ను

బెల్లంపల్లి
ఆదివారం పొద్దున

చిట్టీ,

నీ ఫోటో రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. దాని కింద "మామా, డైనోసార్ గోరు దొరికింది!" అని నువ్వు రాసింది చదివి మీ అత్త పళ్లెం ముందు కూర్చుని ఒకటే నవ్వు. నేను నవ్వలేదు. నువ్వు అప్పటికే దాన్ని స్టేటస్‌లో పెట్టావు, వాగు పేరుతో సహా. ముందు అది తీసెయ్ బిడ్డా. తీశాకే ఈ కిందిది చదువు.

తీశావా? మంచిదానివి. కోపం లేదు నాకు. సద్దుల బతుకమ్మను వాగులో వదలడానికి వెళ్లి, అందరూ సత్తుపిండి పంచుకుంటుంటే నువ్వు ఒడ్డు గండి వైపు చూశావు చూడు, అది మన ఇంటి చూపు. మీ అమ్మకు లేదు. దానికి రాయంటే పచ్చడి నూరే రాయే.

ఫోన్‌లో చెప్పొచ్చు ఇదంతా. కానీ ఫోన్‌లో నువ్వు "సరే మామా, సరే మామా" అని సగంలోనే పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

నాకు తెలిసినంతలో అది గోరు కాదు. గోరైతే మొన వైపు సన్నబడుతూ వంగుతుంది, పక్కల వెంట గాడి ఉంటుంది. నీది విసనకర్రను సగానికి విరిచినట్టుంది. ఒక మూల నుంచి ఐదు గట్లు బయటికి పరుచుకున్నాయి, ఆ చివర అంచు అలలు అలలుగా ఉంది. ఆల్చిప్ప అందామంటే గట్లకు అడ్డంగా పెరుగుదల గీతలు లేవు. పైభాగం నల్లగా మెరుస్తోంది. ఫోటో పెద్దది చేసి చూస్తే సూదితో పొడిచినట్టు చుక్కలు. అది చేప పన్ను అనుకుంటున్నా. ఊపిరితిత్తి ఉన్న చేపది.

మూతి ముడవకు. అమ్మమ్మ తడిబట్ట చుట్టి తెచ్చిన కొర్రమట్ట గంటల తరబడి బతికుండేది, గుర్తుందా? అది కూడా నీటి పైకొచ్చి గాలి మింగుతుంది గానీ దానికి నిజమైన ఊపిరితిత్తి లేదు. దీనికి ఉంది, మొప్పలూ ఉన్నాయి. ఒంట్లో చాలా వరకు మెత్తటి ఎముకే కాబట్టి చచ్చాక అంతా కుళ్లిపోతుంది. మిగిలేవి ఈ పళ్లే. మన పళ్లలా ఊడి మళ్లీ రావు. పైన రెండు, కింద రెండు పలకలు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి. నీ దగ్గరున్నది అందులో ఒక పలక.

దీని కథ తమాషాగా ఉంటుంది. 1838లో అగాసీ అనే పండితుడు యూరప్‌లో దొరికిన ఇలాంటి పళ్లను మాత్రమే చూసి సెరాటోడస్ అని పేరు పెట్టాడు, కొమ్ము పన్ను అని అర్థం. చేపను చూసినవాడు లేడు. 1859లో ఓల్డ్‌హామ్ అనే ఆయన మన మాలేరి దగ్గర దొరికిన పళ్ల గురించి రాశాడు. అవును, మన మాలేరే! ఆ ఊరి పేరే అక్కడి రాళ్లకూ పెట్టారు. ఆ తర్వాత 1870లో ఆస్ట్రేలియాలో, క్వీన్స్‌లాండ్ నదుల్లోని ఒక చేప నోరు చూస్తే అందులో ఇవే పళ్లు. లోకం నుంచి ఎప్పుడో పోయిందనుకున్న వంశం అక్కడ ఈదుతోంది.

ఇంత ధైర్యంగా ఎందుకు చెబుతున్నానో తెలుసా? పన్ను చూసి మాత్రమే కాదు. నీ ఫోటోలో వెనక ఎర్ర బంకమన్ను కనిపించింది. అది మాలేరి మన్ను, 22 కోట్ల ఏళ్లు పైబడినది. ఆ మన్నులో ఈ పన్ను ఉంటుంది. అదే బొగ్గు పొరల పైనుండే రాయి అయితే ఆకుల అచ్చులు వెతకమనేవాణ్ని. యామన్‌పల్లి వైపు రాళ్లయితే నీ డైనోసార్ మాట కొట్టిపారేసేవాణ్ని కాదు. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో పెద్ద అస్థిపంజరం చూసి నా చొక్కా పట్టుకుని దాక్కున్నావే, ఆ కోటాసారస్ యామన్‌పల్లిదే. 1988లో యాదగిరి గారు పేరు పెట్టారు. అలాగని ఎర్రమన్నులో డైనోసార్లే లేవనుకోకు. నంబాల ఊరి పేరుతో నంబాలియా అని 2011లో ఒకదానికి పేరు పెట్టారు. కానీ దొరికిన ప్రతి ముక్కా అదే కావాలని ఆశపడితే కళ్లు సరిగ్గా చూడవు.

నా సంగతి చెబుతా, మీ అమ్మకు చెప్పకు. 1986లో, నేను బొగ్గు బాయిలో సర్వే పని చేసే రోజుల్లో, వానలు వెలిశాక ఒక వాగు గండిలో దవడ ముక్క దొరికింది. పళ్లు వరసగా ఉన్నాయి. పొద్దస్తమానం చైనూ టేపూ పట్టుకుని భూమి కింద జానెడు తేడా లేకుండా కొలిచేవాణ్ని, ఆ దవడ దొరికిన చోటు మాత్రం కొలవలేదు! తువ్వాలులో చుట్టుకుని ఇంటికొచ్చా. సున్నం పట్టి ఉందని బాత్రూం కడిగే యాసిడ్ పోశా. బుసబుసమని పొంగింది. సున్నంతో పాటు సగం ఎముక కూడా పొడి పొడి అయింది. చాలా ఏళ్లకు తెలిసిన పెద్దాయన ఒకరు ఆ మిగిలిన సగం చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక్కటే అడిగారు: ఎక్కడ? ఏ పొర? నేను చీటీ తీశా. దాని మీద నా చేతిరాతతో "వాగు" అని ఉంది. అంతే. ఏ వాగో నాకూ గుర్తు రాలేదు. ఆయన నన్ను ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

ఇంకొకటి కూడా ఉంది, కాస్త సిగ్గుచేటు. పండు రాయైందనుకుని ఒక ఉండను ఆరేళ్లు కాగితాల మీద బరువుగా పెట్టుకున్నా, వచ్చినవాళ్లందరికీ చూపించా. అది పెంటిక, పురాతన జంతువుది. మీ అత్త ఇప్పటికీ ఆ బల్ల మీద టీ గ్లాసు పెట్టదు.

కాబట్టి ఆ పన్నును తోమకు. బ్రష్ వద్దు, యాసిడ్ అసలే వద్దు, నిమ్మకాయ కూడా వద్దు. మన్ను అంటుకుని ఉంటే అలాగే ఉండనీ, ఆ మన్ను కూడా సాక్ష్యమే. మెత్తటి గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టు. ఎముకైతే నాలుకకు అంటుకుంటుందని ఎవరైనా చెబుతారు. నేనూ అలా చూసేవాణ్ని. నువ్వు మాత్రం ఆ వాగు రాయిని నోట్లో పెట్టకు తల్లీ, పైన బర్లు కడుగుతారు.

మళ్లీ ఫోటో తియ్యి. నువ్వు అరచేతిలో పెట్టి తీశావు. నీ చెయ్యి ఎంతుంటుందో నాకు తెలుసు, చిన్నప్పటి నుంచి పట్టుకుని నడిపించినవాణ్ని. ఎరగనివాడికి అది రెండు వేళ్ల వెడల్పో రెండు జానలో ఎట్లా తెలుస్తుంది? పక్కన స్కేలు పెట్టు, లేదా రూపాయి బిళ్ల. పైన, కింద, అంచు, మూడూ కావాలి. కిందవైపు గరుగ్గా, ఎముకలా ఉంటే నా మాటకు బలం వస్తుంది. నున్నగా ఉంటే నేను తప్పు, మళ్లీ మొదటి నుంచి ఆలోచించాలి.

అన్నిటికంటే ముందు, ఈరోజే, మర్చిపోకముందే రాయి. గండిలో మన్నుకు అతుక్కుని ఉందా, కింద ఇసుకలో పడి ఉందా? ఇసుకలోదైతే పైనుంచి కొట్టుకొచ్చింది, ఎంత దూరం నుంచో చెప్పలేం. నీళ్ల మట్టానికి ఎంత ఎత్తు, ఏ చెట్టుకు ఎన్ని అడుగులు, ఫోన్‌లో చోటు గుర్తు, అన్నీ నోటుబుక్కులో రాసుకో. ఊరందరికీ చెప్పకూడని చోటే నీ పుస్తకంలో మాత్రం ఉండి తీరాలి. గడ్డపార పట్టుకుని పోకు. నీ సోపతిగాళ్లను అసలే తీసుకుపోకు. ఆ గండి పైన మన్ను వేలాడుతోంది, ఫోటోలోనే కనిపిస్తోంది నాకు. పన్ను 22 కోట్ల ఏళ్లు ఆగింది, ఇంకో వారం ఆగుతుంది.

దసరా సెలవులయ్యాక ఎలాగూ హైదరాబాద్ పోతావుగా. బండ్లగూడలో జియోలాజికల్ సర్వే ఆఫీసుంది. నేనూ వస్తా. మోకాలు ఒప్పుకుంటే బస్సు, లేకపోతే రైలు. వాళ్లు కాదంటే కాదు, అవునంటే అవును. అక్కడ "మా మామ చెప్పాడు" అని మాత్రం అనకు.

వచ్చే ఆదివారం పొద్దున్నే మీ ఊరికొస్తా, వాగు దగ్గరికి పోదాం. టేపు నేను తెస్తా, ఈసారి మర్చిపోను. అమ్మమ్మకు చెప్పు, సర్వపిండి చేసి పెట్టమని. కిందవైపు ఫోటో రాత్రికల్లా పంపు.

మీ మామ

మరిచా: చీటీ మీద నీ పేరు, తేదీ కూడా రాయి. "వాగు" అని మాత్రం రాయకు.