కందిరీగ నుంచి ఫంక్ మంద్రం దాకా

పెదవులు ముడిచి ‘ఊ’ అనండి. ఆపకుండా నోరు తెరుస్తూ ‘ఆ’ దాకా వెళ్ళి మళ్ళీ ‘ఊ’కు రండి. స్థాయి మారలేదు, కాని ధ్వని రంగు మారింది కదూ! అమెరికాలో పార్లమెంట్ అనే ఫంక్ బృందం 1977లో పాడిన ‘ఫ్లాష్ లైట్’ పాటకు బెర్నీ వొరెల్ మినీమోగ్ సింథసైజర్ మీద వాయించిన మంద్రస్వరాల్లో ఉన్న కిటుకు ఇదే. (మోగ్ అనేది రాబర్ట్ మోగ్ ఇంటిపేరు. మన ‘మోగు’తో దానికి చుట్టరికం లేదు!)

ఆ ధ్వనిని మనమూ తయారుచేద్దాం. కంప్యూటర్‌లో ఏ సింథసైజర్ ప్రోగ్రామ్ ఉన్నా చాలు. రంపపు పళ్ళ ఆకారంలో ఉండే తరంగాన్ని 55 హెర్ట్‌జ్ దగ్గర పెట్టండి. అందులో 110, 165, 220... ఇలా అనుస్వరాలన్నీ ఉంటాయి. అందుకే కందిరీగలా రొదపెడుతుంది. దానికి 55.5 హెర్ట్‌జ్ తరంగాన్ని జతచేయండి. విస్పందనాలు పుట్టి ధ్వని నిండుగా వినిపిస్తుంది.

చాలామంది ఇక్కడే ఆగి, తరంగాలను మార్చి మార్చి విసుగెత్తిపోతారు. ఎన్ని కలిపినా కందిరీగ కందిరీగే! అసలు పని లో-పాస్ ఫిల్టర్‌ది. మీ పెదవుల్లాగే అది పై అనుస్వరాలను అడ్డుకుంటుంది. మినీమోగ్ ఫిల్టర్ మరీ కఠినం. హద్దు దాటాక పౌనఃపున్యం రెట్టింపైనప్పుడల్లా కంపన పరిమితి సుమారు 16వ వంతుకు పడిపోతుంది. మీ ఫిల్టర్ హద్దును 150 హెర్ట్‌జ్ దగ్గర ఉంచి, మీట నొక్కగానే 1000 దాకా లేచి, సెకనులో అయిదోవంతు కాలంలో తిరిగి దిగేలా అమర్చండి. ‘బవ్’ అందా? ఇప్పుడు అనునాదాన్ని కాస్త పెంచి చూడండి, ‘బ్యావ్’ అంటుంది.