మెల్లగా వెళ్ళే బండి వెనుక

మనిషి అసలు స్వభావం ప్రయాణంలో బయటపడుతుందని పెద్దలు అంటారు. ఒకతను మరొకరి మంచితనం గురించి సాక్ష్యం చెప్పబోతే, అతనితో కలసి ఎప్పుడైనా ప్రయాణం చేశావా అని హజ్రత్ ఉమర్ (రజి) అడిగినట్లు ఉల్లేఖనాల్లో ఉంది. మస్జిదులో మొదటి పంక్తిలో నిలబడినప్పుడు మనమంతా సహనశీలురమే. అదే మనం పల్లె రోడ్డు మీద ఒక ట్రాక్టర్ వెనుక చిక్కుకున్నప్పుడు ఎలా ఉంటున్నాం? ఈ నెల పాఠంలో ఈ చిన్న విషయాన్నే పరిశీలిద్దాం. చూడటానికి ఇది చిన్నదే. కాని రేపు లెక్క చెప్పుకోవలసి వచ్చినప్పుడు ఇది చిన్నదిగా ఉండకపోవచ్చు.

మాకు ఎదురైన సంఘటన

ఒక శుక్రవారం గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో బంధువుల ఇంట నికాహ్‌కు బయలుదేరాం. జుమా నమాజు ఆ ఊరి మస్జిదులోనే చేయాలని మా ఆలోచన. కారు కదలగానే వెనుక సీట్లో కూర్చున్న మా చిన్నవాడు తాను కొత్తగా నేర్చుకున్న ప్రయాణ దుఆను గట్టిగా చదివాడు. మేమంతా 'ఆమీన్' అన్నాం. మనసుకు ఎంతో హాయిగా అనిపించింది.

ఇంకా అరగంటైనా గడవలేదు. కాలువ గట్టు రోడ్డెక్కాం. ఒక పక్క నిండుగా పారుతున్న కాలువ, మరో పక్క వరిచేలు. కోతలు ముగిసి ధాన్యం మిల్లులకు తరలే రోజులవి. మా ముందు బస్తాలతో నిండిన ట్రాలీని లాగుతూ ఒక ట్రాక్టర్ మెల్లగా పోతోంది. దాటి వెళ్ళటానికి చోటు లేదు. హారన్ కొట్టాం. మళ్ళీ కొట్టాం. ఆ తర్వాత హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. అద్దం దించి, "ఇది మీ అయ్య రోడ్డా?" అని అరిచాం. అంతకంటే నీచమైన మాట కూడా ఒకటి నోటి నుండి జారింది. అది ఇక్కడ రాయదగినది కాదు.

మూడు కిలోమీటర్లు అలా సాగాక రోడ్డు కాస్త వెడల్పయిన చోట ఆ ట్రాక్టర్ పక్కకు ఆగింది. డ్రైవరు చేత్తో వెళ్ళమని సైగ చేశాడు. మేము అతని వైపు గుడ్లురిమి చూస్తూ ముందుకు దూసుకుపోయాం. మస్జిదుకు చేరేసరికి ఖుత్బా ఇంకా మొదలే కాలేదు.

ఆ సాయంత్రం పెళ్ళివారి ఇంటి ముందు పిల్లలు ఆడుకుంటున్నారు. మా చిన్నవాడు కారు నడుపుతున్నట్లు పరుగెత్తుతున్నాడు. వాడి ముందు మూడేళ్ళ చెల్లెలు తప్పటడుగులు వేస్తూ నడుస్తోంది. వాడు ఆగి, నోటితో హారన్ కొట్టి, "ఇది మీ అయ్య రోడ్డా?" అని ఆ పసిదాని మీద అరిచాడు. పక్కన కూర్చున్న పెద్దలు నవ్వారు. మాకు మాత్రం తల ఎత్తుకోబుద్ధి కాలేదు. ఒకే ప్రయాణంలో వాడు మా నుండి ఒక దుఆకు ఆమీన్ విన్నాడు, ఒక తిట్టూ విన్నాడు. ఆటలో వాడి నోటికి వచ్చింది మాత్రం ఆ తిట్టే.

మనం పోగొట్టుకున్నది ఎంత?

ఆ రాత్రి లెక్క వేసి చూశాం. ట్రాక్టర్ గంటకు 20 కిలోమీటర్ల వేగంతో వెళ్ళిందనుకుంటే మూడు కిలోమీటర్లకు పట్టేది 9 నిమిషాలు. ఆ ఇరుకు రోడ్డు మీద మేము గంటకు 45 కిలోమీటర్ల వేగంతో పోయినా 4 నిమిషాలు పట్టేది. అంటే ఆ డ్రైవరు వల్ల మాకు జరిగిన నష్టం 5 నిమిషాలు. ఇంటి దగ్గర చెప్పులు వెతుక్కోవటంలో, ఫోనులో మాట్లాడుతూ నిలబడటంలో అంతకు మూడింతల సమయాన్ని మేమే పోగొట్టుకున్నాం. దానికి మాత్రం ఎవరినీ తిట్టలేదు!

ఇక అతను ఎందుకు మెల్లగా వెళ్ళాడో ఆలోచించండి. బరువు నిండిన ట్రాలీ ఉన్నప్పుడు ఉన్నట్టుండి బ్రేకు వేస్తే వెనుక బరువు ట్రాక్టర్‌ను ముందుకు నెడుతుంది. గట్టు రోడ్డు అంచున ఉండేది మెత్తటి మట్టి. మాకు దారి ఇవ్వటానికి చక్రం తారు దిగితే బండి కాలువలోకి ఒరిగిపోవచ్చు. అతను మొండికేయలేదు. సురక్షితమైన చోటు కోసం చూశాడు, అది దొరకగానే ఆగాడు. అంటే మేము తిడుతున్నంతసేపూ అతను మాకు దారి ఇచ్చే ప్రయత్నంలోనే ఉన్నాడన్నమాట.

ఇలాగే గుంతల రోడ్డు మీద మెల్లగా పోయే ఆటోలో నిండు చూలాలు ఉండవచ్చు. గడ్డిమోపు కట్టుకుని మోపెడ్ మీద వెళ్ళే పెద్దాయనకు చూపు మందగించి ఉండవచ్చు. కారు నడిపే అమ్మాయి నిన్ననే డ్రైవింగ్ నేర్చుకుని ఉండవచ్చు. అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపమవుతాయని దివ్యఖుర్ఆన్‌లోని హుజురాత్ సూరా మనల్ని హెచ్చరిస్తోంది. ముందున్న బండిలో ఎవరున్నారో తెలియకుండానే అతను పొగరుబోతని తీర్పు ఇచ్చేయటం ఈ కోవలోకి రాదా?

దైవప్రవక్త (సఅసం) దారిలో ఎలా వెళ్ళేవారు?

హిజ్రీ 10వ సంవత్సరం. అంతిమ హజ్ సందర్భంగా అరఫాత్ నుండి వేలాది జనం ఒక్కసారిగా కదిలారు. దైవప్రవక్త (సఅసం)కు వెనుక నుండి గట్టి కేకలు, ఒంటెలను కొడుతున్న చప్పుడు వినిపించాయి. ఆయన తన చేతిలోని కొరడాతో సైగ చేసి, నెమ్మదిగా ఉండమని, పుణ్యం తొందరపడటంలో లేదని ప్రజలకు బోధించారు. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన ఈ విషయం బుఖారి గ్రంథంలో ఉంది. గమనించండి, ఆ జనం వెళుతున్నది సంతకు కాదు, దైవారాధనకు. ఆరాధన కోసం చేసే ప్రయాణంలోనే కేకలూ తొందరా తగవన్నప్పుడు, మన పెళ్ళి ప్రయాణాలకు అవి ఎలా తగుతాయి?

అదే ప్రయాణం గురించి హజ్రత్ ఉసామా (రజి) మరో విషయం తెలిపారు. దైవప్రవక్త (సఅసం) మధ్యస్థమైన నడకతో సాగేవారు, ముందు ఖాళీ స్థలం కనిపించినప్పుడు వేగం పెంచేవారు. ఈ ఒక్క మాటలో మన రోడ్లకు కావలసిన నియమమంతా ఉంది. ఇస్లాం వేగాన్ని నిషేధించలేదు, దాటి వెళ్ళటాన్ని తప్పు పట్టలేదు. రద్దీ ఉంటే నెమ్మది, దారి దొరికితే వేగం. దారి లేని చోట దారి సృష్టించుకోవాలని చూడటమే తప్పు.

మరో ఉల్లేఖనం అబూ దావూద్ గ్రంథంలో ఉంది. ప్రయాణాల్లో దైవప్రవక్త (సఅసం) వెనుక భాగాన ఉండేవారట. నడవలేని బలహీనులను ముందుకు నడిపించేవారు, తన వాహనంపై వెనుక ఎక్కించుకునేవారు, వారి కోసం దుఆ చేసేవారు. ఆయన నాయకుడు. ఆయన కంటే ముఖ్యమైన పనులున్నవారు ఆ బిడారంలో ఎవరున్నారు? అయినా వెనుకబడినవారి నడకకు తగ్గట్టు తన నడకను మార్చుకున్నారు. మెల్లగా వెళ్ళేవారికి ఆయన నుండి లభించింది దుఆ. మన నుండి లభిస్తున్నది శాపనార్థాలు.

ఒక ప్రయాణంలో ఒక స్త్రీ తన ఒంటెతో విసిగిపోయి దాన్ని శపించింది. దైవప్రవక్త (సఅసం) ఆ ఒంటె మీది సామాను దించి దాన్ని వదిలేయమని ఆదేశించారు. ఈ సంఘటన ముస్లిం గ్రంథంలో ఉంది. నోరులేని పశువును శపించటమే ఇంతటి విషయమైతే, కుటుంబ పోషణ కోసం ధాన్యం తోలుకునే మనిషిని శపించటం ఎలాంటిది?

ఓవర్‌టేక్ చేసే ముందు

కోపం మాటలతోనే ఆగదు. కాలు యాక్సిలరేటర్ మీదికి వెళుతుంది. మలుపులో, వంతెన మీద, ఎదుటి దారి కనిపించని చోట బండి కుడివైపుకు తిరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే వాహనం ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదుటి నుండి లారీ కూడా అదే వేగంతో వస్తుంటే రెండింటి మధ్య దూరం సెకనుకు 33 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. దాటటానికి 6 సెకన్లు పట్టిందంటే 200 మీటర్లు మాయమైనట్లే. మన పల్లె రోడ్ల మీద అంత తిన్నని చూపు ఎన్ని చోట్ల ఉంది?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1 లక్షా 68 వేలకు పైగా ప్రాణాలు పోయాయని ప్రభుత్వ నివేదిక చెబుతోంది. నియమాలకు విరుద్ధంగా ఓవర్‌టేక్ చేయటాన్ని 2019 నాటి మోటారు వాహనాల చట్ట సవరణ ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద శిక్షార్హం చేసింది. చట్టం సంగతి అలా ఉంచండి. మీ చేతులారా మిమ్మల్ని మీరు వినాశంలోకి నెట్టుకోవద్దన్నది బఖరా సూరాలోని దైవాజ్ఞ. 5 నిమిషాల కోసం భార్యాబిడ్డల ప్రాణాలను పణంగా పెట్టేవాడు ఈ ఆజ్ఞను పాటిస్తున్నట్లా?

మెల్లగా వెళ్ళేవారి బాధ్యత

న్యాయంగా మాట్లాడాలంటే రెండో వైపు కూడా చెప్పాలి. దారికి హక్కులున్నాయని, ఇతరులకు బాధ కలిగించకపోవటం వాటిలో ఒకటని దైవప్రవక్త (సఅసం) నేర్పారు. రోడ్డు మీది నుండి బాధ కలిగించే వస్తువును తొలగించటం ఈమాన్‌లో ఒక శాఖ అన్నారు. కనుక మన సోదరుల్లో ట్రాక్టర్లు, ఆటోలు నడిపేవారు ఎడమ పక్కగా వెళ్ళాలి. వెనుక నాలుగు బండ్లు నిలిచిపోతే చోటు చూసి సైడ్ ఇవ్వాలి. ట్రాలీకి వెనుక రేడియం స్టిక్కర్లు, రాత్రివేళ వెనక లైట్లు తప్పక ఉండాలి. చీకట్లో లైటు లేని ట్రాలీ దారికి అడ్డంగా పడి ఉన్న బండరాయి లాంటిదే. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్ళు పేర్చటం, మూడు మోటారు సైకిళ్ళు పక్కపక్కన కబుర్లాడుకుంటూ పోవటం కూడా దారి హక్కును కాలరాయటమే.

దొరకని రుణదాత

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నమాజు, రోజా, జకాత్‌లతో ప్రళయదినాన వచ్చి కూడా దివాలా తీసే మనిషి గురించి దైవప్రవక్త (సఅసం) చెప్పిన హదీసు మనందరికీ తెలిసిందే. అతను ఒకరిని తిట్టి ఉంటాడు, ఒకరిపై నింద మోపి ఉంటాడు, ఒకరిని కొట్టి ఉంటాడు. అతని పుణ్యాలు వారికి పంచివేయబడతాయి. అవి చాలకపోతే వారి పాపాలు అతనిపై మోపబడతాయి.

ఇంట్లోవారిని తిడితే సాయంత్రానికి క్షమాపణ అడగవచ్చు. పొరుగువాణ్ణి నొప్పిస్తే అతని తలుపు తట్టవచ్చు. కాని ఆ కాలువ గట్టు మీది డ్రైవరు పేరేమిటి? ఊరేది? మరునాడు అదే దారిన తిరిగి వచ్చాం. అలాంటి ట్రాక్టర్లు పది కనిపించాయి. అతను ఎవరో మేము గుర్తుపట్టలేకపోయాం. అతను ముస్లిమో, ముస్లిమేతరుడో కూడా మాకు తెలియదు. ఎవరైనా సరే, హక్కు హక్కే. ఇక్కడ మేము అతన్ని వెతకలేం. అక్కడ అతను మమ్మల్ని వెతుక్కుంటూ వస్తాడు. రోడ్డు మీద అపరిచితుణ్ణి తిట్టడం అంటే చిరునామా లేని మనిషి దగ్గర అప్పు చేయటమే.

అలాంటి స్థితిలో అల్లాహ్ ముందు పశ్చాత్తాపపడి, ఆ వ్యక్తి మేలు కోసం దుఆ చేస్తూ ఉండమని పండితులు చెబుతారు. మేము చేస్తున్నది అదే. అంతకంటే మంచి మార్గం ఆ అప్పు చేయకుండా ఉండటం. అందుకు కొన్ని అలవాట్లు చేసుకుందాం:

1. చేరవలసిన సమయానికి పావుగంట మిగిలేలా బయలుదేరాలి. దారిలో వచ్చే కోపంలో సగం ఇంటి దగ్గర చేసిన ఆలస్యం నుండి పుట్టినదే.

2. హారన్ ఒక్కసారి కొడితే సమాచారం, పదిసార్లు కొడితే తిట్టు. మన ఉనికిని తెలిపి ఆగిపోవాలి.

3. కోపం రాగానే 'అఊజు బిల్లాహ్' చదవాలి. బండి వెనుక గడిపే ఆ కొద్ది నిమిషాలను జిక్ర్‌తో నింపుకోవాలి. అప్పుడు అవి పోయిన నిమిషాలు కావు, సంపాదించిన నిమిషాలు.

4. బండిలో రోగి ఉండి నిజంగా తొందర ఉంటే, లైట్లు వేసి, చేయి ఊపి మర్యాదగా దారి అడగాలి. మన పల్లె మనుషులు కాదనరు.

5. దారి ఇచ్చినవారికి చేయెత్తి కృతజ్ఞత తెలపాలి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కూ కృతజ్ఞుడు కాలేడని హదీసులో ఉంది.

6. వెనుక సీట్లో పిల్లలున్నారని మరచిపోకూడదు. మనం నోటితో నేర్పే దుఆ కంటే ప్రవర్తనతో నేర్పే పాఠమే వారికి త్వరగా వస్తుంది.

తిరుగు ప్రయాణంలో మా చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, "నిన్న అబ్బా తప్పు చేశాడు బేటా, ఆ మాట అనకూడదు" అని చెప్పాం. పిల్లవాడి ముందు తప్పు ఒప్పుకోవటం కష్టంగానే అనిపించింది. కాసేపటికి ఒక గేదెల మంద రోడ్డు నిండా అడ్డం వచ్చింది. కారు ఆపాం. వాడు మా ముఖంలోకి ఒకసారి చూసి, గేదెలను లెక్కపెట్టటం మొదలుపెట్టాడు. ఇరవై మూడు ఉన్నాయి. చివరి దూడ కూడా దాటాక, దాన్ని తోలుకెళుతున్న ముసలాయనకు చేయి ఊపాం. ఆయన నవ్వాడు.

అల్లాహ్ మన నాలుకలకు అదుపును, మన ప్రయాణాలకు క్షేమాన్ని ప్రసాదించుగాక! మనం నొప్పించి, తిరిగి కలుసుకోలేని దైవదాసులందరికీ మేలు చేయుగాక! వారి హక్కుల భారం నుండి మనకు విముక్తి కలిగించుగాక! ఆమీన్.