తాకట్టు కొట్టులో మనిషి

చిరంజీవి మేనకోడలికి,

'ది పాన్‌బ్రోకర్' చూసి సోల్ నాజర్‌మన్ మనసు లేని మనిషని తేల్చేశావు. ఆ తీర్పు కాసేపు పక్కన పెట్టమ్మా. అతని మనసు చచ్చిపోలేదు. దాన్ని మూసి ఉంచడానికే అతని సత్తువంతా ఖర్చయిపోతోంది. సిడ్నీ లూమెట్ 1964లో తీసిన ఆ సినిమా ఈ సంగతిని మాటల్లో కంటే ఎడిటర్ రాల్ఫ్ రోజెన్‌బ్లమ్ కత్తెరతోనే ఎక్కువ చెప్పింది. జర్మనీలో ప్రొఫెసర్‌గా బతికినవాడు, నాజీల చేతుల్లో భార్యాబిడ్డల్ని పోగొట్టుకుని, న్యూయార్క్ హార్లెమ్‌లో తాకట్టు కొట్టు నడుపుతున్నాడు. ఎవరే వస్తువు తెచ్చినా ముక్తసరిగా వెలకట్టి పంపేస్తాడు. ఒక గర్భిణి తన ఉంగరం తెచ్చి ముందు పెడుతుంది. అంతే, ముళ్లకంచె దగ్గర ఖైదీల వేళ్ల నుంచి ఉంగరాలు ఊడబెరుకుతున్న దృశ్యం రెప్పపాటు మెరిసి మాయమవుతుంది. మళ్లీ వస్తుంది, ఈసారి ఇంకాస్త సేపు. కిక్కిరిసిన సబ్‌వే పెట్టె చూస్తుండగానే మనుషుల్ని కుక్కిన గూడ్సు పెట్టె అయిపోతుంది. అతని కొడుకు ప్రాణం పోయింది అలాంటి పెట్టెలోనే. రాయిలా మారినవాడికి ఇవన్నీ ఎందుకు కనిపిస్తాయి? నాజీ శిబిరాల నుంచి బయటపడ్డవాళ్లను పరీక్షించిన మనోవైద్యుడు విలియం నీడర్‌లాండ్ 1960లలో ఈ స్థితిని 'సర్వైవర్ సిండ్రోమ్' అన్నాడు. అందరూ పోయాక నేనెందుకు మిగిలానన్న ప్రశ్న, బతికి ఉండటాన్నే నేరం చేసి కూర్చోబెడుతుంది.

తను బాధపడ్డంత మాత్రాన ఎదుటివాళ్లను బాధపెట్టొచ్చా అంటావు. పెట్టకూడదు, సినిమా కూడా ఒప్పుకోలేదు. కొట్టులో పనిచేస్తూ తనను గురువుగా చూసుకున్న జీసస్ ఓర్టిజ్‌ని నాజర్‌మన్ పురుగులా తీసిపారేశాడు. మనసు విరిగిన ఆ కుర్రాడు దొంగలతో కలిశాడు, చివరికి నాజర్‌మన్‌కే అడ్డుపడి తూటాకు బలయ్యాడు. ఆ తప్పును సినిమా ఎక్కడా మాఫీ చేయలేదు. తప్పు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం వేరు, క్షమించడం వేరు. ఇంకో ఆక్షేపణ బరువైనదే: హార్లెమ్ పేదరికాన్నీ నాజీల మారణకాండనూ పక్కపక్కన పెట్టడం. ఆ రెండూ ఒకటి కావు. అవి నాజర్‌మన్ కళ్లకు కలగలిసిన బొమ్మలని సర్దిచెప్పుకోవచ్చు గానీ, కొన్నిచోట్ల సినిమా తనే ఆ తేడాను చెరిపేసిందని నాకూ అనిపిస్తుంది.

అయినా ఆఖరి ఘట్టం ఇంకోసారి చూడు. ఓర్టిజ్ శవం దగ్గర నాజర్‌మన్‌గా నటించిన రాడ్ స్టైగర్ నోరు తెరుస్తాడు, అరుపు బయటికి రాదు. తర్వాత కొట్టులోకి వెళ్లి, రసీదులు గుచ్చే ఇనప చువ్వ మీద అరచేతిని పెట్టి, మెల్లగా, అవతలికి దిగేదాకా నొక్కుతాడు. అప్పుడు అతని ముఖం చూసి నాకు రాయి.

నీ మేనమామ